యంత్రాలకు ముందు జాగ్రత్త

సావనీరుకు ఒక వ్యాసం వ్రాయమని విద్యార్థి సంఘం వారు అడిగినపుడు, "కవితలూ కథలూ చాలా వచ్చాయండీ, మెకానికల్ వాళ్ల దగ్గరి నుంచి మాత్రం ఒక్కటీ రాలేదు" అన్నారు. కథ వ్రాసే శక్తి నాకు లేదు. అందుచేత నేను రోజూ చేసే పని గురించే నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఈ కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగు చదివి, కొన్నేళ్లు పెద్ద కర్మాగారాల మెయింటెనెన్స్ విభాగాలలో పనిచేసి, ఇప్పుడు మా ఊరు ఆత్మకూరులో మిల్లులకు, పంపుసెట్లకు సర్వీసు చేసే చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాను. ఇది ఇంజనీరింగు వాళ్ల సంగతి కదా అని ఆర్ట్స్, కామర్సు విద్యార్థులు పేజీ తిప్పెయ్యవద్దని మనవి. గ్రీజు డబ్బా కొనడానికి సంతకం పెట్టవలసిన మేనేజరు చాలాచోట్ల కామర్సు పట్టభద్రుడే!

ముందుగా మాటల అర్థం చూద్దాం. యంత్రం చెడిపోయిన తరువాత బాగు చెయ్యడాన్ని బ్రేక్‌డౌన్ మెయింటెనెన్స్ అంటారు. చెడిపోక ముందే ఒక నియమిత కాలం ప్రకారం విప్పి చూచి, శుభ్రం చేసి, కందెన వేసి, అరిగిన భాగాలు మార్చడం ప్రివెంటివ్ మెయింటెనెన్స్. కాలాన్ని బట్టి కాక, యంత్రం చూపే లక్షణాలను బట్టి, అనగా వేడి, శబ్దం, అదురు, నూనెలో కనబడే లోహపు పొడి వీటిని కనిపెట్టి చేసేది కండిషన్ బేస్డ్ మెయింటెనెన్స్. ఈ మూడింటిలో ఒకటి గొప్పది, ఒకటి తక్కువది అనుకోనక్కరలేదు. ట్యూబ్‌లైటును కాలిపోయిన తరువాతే మారుస్తాం, అందులో తప్పేమీ లేదు. కాని బాయిలరు సేఫ్టీ వాల్వు పనిచెయ్యలేదని తెలిసిన తరువాత మారుద్దామంటే, మార్చడానికి మనిషి మిగలడు. ఏ భాగానికి ఏ పద్ధతి అన్నది నిర్ణయించడమే ఇందులో ఇంజనీరు బుద్ధికి పని.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. యంత్రం ఆగిపోవడం అనేది ఆగిన రోజున నిర్ణయం కాదు. అంతకు ఎన్నో నెలల ముందు, అది పనిలేక ఖాళీగా ఉన్న కాలంలో, ఎవరూ దాని వంక చూడని కాలంలో నిర్ణయమైపోతుంది. మా రాయలసీమలో ఈ సంగతి మరింత నిజం. ఎందుకంటే మా మిల్లులు ఏడాది పొడుగునా నడవవు. వడ్లు వచ్చినపుడు వడ్ల మిల్లు, బుడ్డలు వచ్చినపుడు నూనె మిల్లు, పత్తి వచ్చినపుడు జిన్నింగు. నడిచే నాలుగైదు నెలల్లోనే ఏడాది సంపాదన అంతా తియ్యాలి. ఆ నెలల్లో ఒక్క వారం ఆగినా తిరిగి రాదు.

దుమ్ము, గ్రీజు, బెల్టు

ఆత్మకూరు నల్లమల అంచున, కర్నూలు నుంచి దోర్నాల మీదుగా గుంటూరు పోయే దారిలో ఉన్న ఊరు. 2022 వరకు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. పెద్ద ఫ్యాక్టరీలతో పేరుపడిన ఊరు కాదు. కాని మెయింటెనెన్స్ నేర్చుకోవడానికి పెద్ద ఫ్యాక్టరీయే కావాలని లేదు. ఒక వడ్ల మిల్లు చాలు.

వడ్లలో ఇంచుమించు ఐదో వంతు ఊక. ఆ ఊకను కాలిస్తే మిగిలే బూడిదలో అధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. కాబట్టి మిల్లులో ఎగిరే దుమ్ము చేతికి మెత్తగా తగిలినా, బేరింగులోకి పోయి గ్రీజుతో కలిసిందంటే ఎమెరీ పేపరు లాగ పనిచేస్తుంది. బుడ్డల మిల్లులోనూ ఇదే కథ. ఎర్రమట్టి అంటుకొని వచ్చిన కాయను సరిగా జల్లించకుండా ఎక్స్‌పెల్లరులో పోస్తే, లోపలి వర్మూ బార్లూ ఏటికేడాది అరిగి, పిండిలో నూనె మిగిలిపోతుంది. యజమాని మాత్రం "ఈ ఏడు కాయలో నూనె తక్కువ నాయనా" అంటాడు. కాయ తప్పు కాదు అది. జల్లెడ తప్పు.

బేరింగు ఆయుష్షు గురించి కేటలాగుల్లో ఒక లెక్క ఉంటుంది. ఒకే రకం బేరింగులు 100 తీసుకొని ఒకే భారంతో తిప్పితే, వాటిలో 90 దాటగలిగే కాలాన్ని ఆయుష్షుగా వ్రాస్తారు. అంటే మిగిలిన పది అంతకు ముందే పోవచ్చును. విద్యార్థులు దీన్ని గ్యారంటీగా భావించి పొరపాటు పడతారు. దానికంటె ముఖ్యమైన విషయం భారానికి, ఆయుష్షుకు ఉన్న సంబంధం. బాల్ బేరింగు మీద భారం రెట్టింపు అయితే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. ఘనము ప్రకారం తగ్గుతుంది. ఇది పుస్తకంలో చదివి పరీక్షలో వ్రాసి మరచిపోయే సూత్రం కాదు. బెల్టు జారుతున్నదని మోటారును వెనక్కు లాగి బిర్రుగా బిగించేస్తారు చూశారా, అప్పుడు జరిగేది ఇదే. భారం రెట్టింపైతే, ఎనిమిది సీజన్లు నడవవలసిన బేరింగు ఒక్క సీజనులో అయిపోతుంది. బెల్టు జారడానికి అసలు కారణం పుల్లీ గాడి అరగడమో, నాలుగు వి-బెల్టుల్లో ఒక్కటి మాత్రమే కొత్తది వెయ్యడమో అయి ఉంటుంది. కొత్త బెల్టు పొట్టిగా, పాతవి సాగి ఉంటాయి గనుక, భారమంతా కొత్తదాని మీదే పడుతుంది. అందుకనే బెల్టులు మారిస్తే సెట్టు మొత్తం మార్చాలి. "మూడు బాగుండాయి కదా సామీ" అంటే వినకూడదు.

గ్రీజు విషయంలో ఎక్కువ పెడితే మంచిదన్న నమ్మకం ఒకటి ఉన్నది. బేరింగు గూటిలో ఖాళీ జాగాకు మూడో వంతు నుంచి సగం వరకు గ్రీజు చాలు. నిండా కూరితే బాల్స్ దాన్ని చిలుకుతూ వేడెక్కుతాయి, గ్రీజు పలచబడి సీలును తోసుకొని బయటికి వస్తుంది, ఆ సందులోంచి దుమ్ము లోపలికి పోతుంది. ఇక రెండు రకాల గ్రీజు కలపడం. పసుపు రంగుదీ ఎర్ర రంగుదీ ఒకే డబ్బాలో కలిపి వాడే మేస్త్రీలను నేను చూశాను. వాటిలోని సబ్బు రకాలు పొసగకపోతే మిశ్రమం నీళ్లలాగ జారిపోవచ్చును. రంగు చూచి గ్రీజును గుర్తించకూడదు, డబ్బా మీది పేరు చదవాలి.

మోటారు సంగతి కొంచెం చెప్పాలి. మోటారు చుట్టలకు వేసే ఇన్సులేషన్, దాని హద్దును మించి ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ వేడికి ఇంచుమించు సగం ఆయుష్షు పోగొట్టుకుంటుందని ఎలక్ట్రికల్ వాళ్లు లెక్క కట్టారు. జిన్నింగు మిల్లులో మోటారు ఫ్యాను జాలీకి దూది పట్టి గాలి ఆడదు. అది దులపడానికి ఒక చీపురు, రెండు నిమిషాలు. మా వైపు మోటార్లు కాలిపోవడానికి మరో పెద్ద కారణం మూడు ఫేజుల్లో ఒకటి పోవడం. ఒక ఫ్యూజు పోయినా నడుస్తున్న మోటారు ఆగదు, మూలుగుతూ రెండు ఫేజుల మీద తిరుగుతూనే ఉంటుంది. మిగిలిన చుట్టల్లో కరెంటు పెరిగి కాసేపట్లో కమురు వాసన వస్తుంది. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు అనే చిన్న పరికరం దీన్ని ఆపుతుంది. అది ఉన్నా, "మాటిమాటికీ ట్రిప్పు అవుతాంది" అని వైరు కలిపి దాన్ని బైపాస్ చేసిన స్టార్టర్లు ఎన్నో! కాపలా కుక్క మొరుగుతున్నదని నోరు కట్టేసినట్లు.

ఒక మిల్లులో జరిగినది

ఊరు, పేరు చెప్పను. సంక్రాంతి వెళ్లిన తరువాత వడ్లు ముమ్మరంగా వస్తున్న రోజులు. ఎలివేటరు అడుగున ఉండే షాఫ్టు బేరింగు అరుస్తున్నదని మేస్త్రి నన్ను పిలిచాడు. స్క్రూడ్రైవరు కొన బేరింగు గూటికి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకొని వింటే లోపల గింజలు నలిగినట్లు చప్పుడు. గూటి మీద చెయ్యి పెట్టి అయిదు లెక్కపెట్టలేకపోయాను. అలా పెట్టలేకపోతే వేడి సుమారు 60 డిగ్రీలు దాటినట్లే అనుకోవచ్చును. ఇప్పుడు తుపాకీ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లు చవకగా దొరుకుతున్నాయి గాని, చేతికీ చెవికీ ఉన్న విలువ పోలేదు.

"ఒక పూట ఆపితే మార్చేస్తాము" అన్నాను.

పెద్దాయన ఒప్పుకోలేదు. "నడుస్తాండేదాన్ని ఎందుకు ఇప్పల్ల నాయనా? బయట యాభై బండ్లు నిలబడినాయి. నిలబడితే అప్పుడు చూద్దాంలే."

ఆయనది మూర్ఖత్వం అని నేను అనను. బయట రైతు ఎండలో నిలబడి ఉండగా మిల్లు ఆపడం సులభం కాదు. వారం రోజులు నడిచింది కూడా. తరువాత ఒక రాత్రి బేరింగు పట్టేసి, లోపలి రింగు షాఫ్టు మీద తిరిగి షాఫ్టును కోసేసింది, బెల్టు పక్కకు జరిగి చిరిగింది, బకెట్లు వంగిపోయాయి. బేరింగు మా బజారులోనే దొరికేది. షాఫ్టు మాత్రం కర్నూలులో లేతు మీద తీయించాలి. బకెట్ల బెల్టు ఇంకా దూరం నుంచి రావాలి. పూటతో పోయే పని పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులు హమాలీలకు కూలి లేదు. బస్తా లెక్కన కూలి తీసుకునేవాళ్లకు మిల్లు ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. మన లెక్కల పుస్తకాలలో బ్రేక్‌డౌన్ నష్టం అంటే విడిభాగం ఖర్చు, ఉత్పత్తి నష్టం అని రెండు వరుసలు ఉంటాయి. ఈ మూడో వరుస ఎక్కడా ఉండదు.

ఆ రెండు వారాల క్రితం చెయ్యవలసిన పని గురించి అందరూ మాట్లాడుకున్నారు. నా దృష్టిలో అసలు పని ఆరు నెలల క్రితం, ఆషాఢంలో, మిల్లు తాళం వేసి ఉన్నపుడు చెయ్యవలసినది. అప్పుడు ఆ గూడు విప్పి ఉంటే దుమ్ము పట్టి నల్లబడిన గ్రీజు కనబడేది. ఒక పాత గుడ్డ, కాస్త కిరసనాయిలు, కొత్త ఆయిల్ సీలు, అంతటితో అయిపోయేది.

ఖాళీగా ఉన్న యంత్రం

నడవని యంత్రం అరగదు గదా, దానికి మెయింటెనెన్స్ ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. అరగదు గాని చెడుతుంది. ఆగి ఉన్న మోటారు వానాకాలంలో చెమ్మ పీల్చుకుంటుంది. సీజను మొదటి రోజున మెగ్గరు పెట్టి చూడకుండా స్విచ్చి వేస్తే చుట్టలు కాలిపోతాయి. 415 వోల్టుల మోటారుకు కనీసం ఒక మెగోమ్ ఇన్సులేషన్ రెసిస్టెన్స్ ఉండాలన్నది వాడుకలో ఉన్న కనీసపు లెక్క. అంతకు తగ్గితే లోపల బల్బులు వేలాడదీసి ఆరబెట్టాలి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బెల్టులు ఒకే వంపులో బిగుసుకొని పోతాయి. పక్క మిషను అదురుకు కదలకుండా ఉన్న బేరింగులో బాల్స్ ఒకే చోట నలిగి గుంటలు పడతాయి. అందుకని ఆగి ఉన్న యంత్రాన్ని పదిహేను రోజులకొకసారి చేత్తోనైనా రెండు చుట్లు తిప్పి, వేరే చోట ఆగేటట్లు వదలాలి. బెల్టులు వదులు చెయ్యాలి.

ఖాళీగా ఉన్న కర్మాగారం ఎంత ప్రమాదమో మన రాష్ట్రమే 2020లో చూసింది. కోవిడ్ లాక్‌డౌన్ వల్ల మూతపడి ఉన్న విశాఖపట్నం వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్‌లో, మే 7 తెల్లవారుజామున ట్యాంకులో నిలవ ఉన్న స్టైరీను వేడెక్కి ఆవిరై ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయినట్లు ప్రభుత్వం ప్రకటించింది. యంత్రాలేవీ ఉత్పత్తి చెయ్యడం లేదు. అయినా నిలవ ఉన్న రసాయనం తన పని తాను చేసుకుంటూనే ఉన్నది. ఆ ట్యాంకులో వేడిని కొలిచే సాధనం అడుగుభాగాననే ఉన్నదనీ, స్టైరీను గడ్డకట్టే చర్యను అడ్డుకొనే రసాయనం నిలవ లేదనీ, చల్లబరిచే ఏర్పాటు రాత్రిపూట నడపలేదనీ విచారణ సంఘం చెప్పింది. 1984 డిసెంబరులో భోపాల్‌లోనూ చల్లబరిచే యూనిట్టు అంతకు నెలల ముందే ఆపేసి ఉన్నది, వాయువును మండించవలసిన ఫ్లేర్ గొట్టం మరమ్మతు కోసం విప్పి ఉన్నది. 36 ఏళ్ల తేడాలో రెండుచోట్లా ముందుగా ఆగినవి ఉత్పత్తి యంత్రాలు కావు, కాపలా యంత్రాలు. ఖర్చు తగ్గించాలనుకున్నపుడు మొదట కోత పడేది వీటి మీదనే.

తుంగభద్ర గొలుసు

మా సీమవాళ్లకు మరచిపోలేని ఉదాహరణ ఇంకొకటి. 2024 ఆగస్టు 10 రాత్రి, హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము 19వ నంబరు గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. ఇది ఫ్యాక్టరీ యంత్రం కాదు. అయినా గొలుసు, గేటు, మోటారు ఇవన్నీ యంత్ర భాగాలే గనుక మన పాఠానికి పనికివస్తుంది. ఆ డ్యాము 1953 నుంచి నీళ్లు నిలుపుతున్నది. మొత్తం 33 గేట్లు. మా ప్రాంతపు పొలాలకు నీరిచ్చే కె.సి. కాలువకు ఉన్న 39.9 టి.ఎం.సి.ల కేటాయింపులో 10 టి.ఎం.సి.లు ఆ డ్యాము నుంచి రావలసినవే. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ త్రవ్వించి, 1882లో ప్రభుత్వం చేతికి వచ్చిన కాలువ అది. మా మిల్లులకు వడ్లు వచ్చేది దాని కింది పొలాల నుంచే. ఎక్కడో హోస్పేటలో ఒక గొలుసు లింకు తెగితే ఆత్మకూరు మిల్లులో హమాలీ కూలి మీద పడుతుందన్న మాట.

డ్యాము నిండి ఉన్నది. నిండి ఉన్నపుడు గేటు పెట్టడానికి వీలు లేదు. మిగిలిన గేట్లు ఎత్తి, పంటలకు దాచుకున్న నీటిని నదిలోకి వదిలి ఒత్తిడి తగ్గించవలసి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి పర్యవేక్షణలో అప్పటికప్పుడు ఉక్కుతో స్టాప్‌లాగ్ ఎలిమెంట్లు చేయించి, పారుతున్న నీటిలోనే క్రేన్లతో ఒకదాని మీద ఒకటి దించి వారం రోజులలో నీటిని ఆపారు. అది ఎంతో ధైర్యంతో, నైపుణ్యంతో చేసిన పని. పత్రికలన్నీ మెచ్చుకున్నాయి, మెచ్చుకోవలసినదే. కాని మెయింటెనెన్స్ ఇంజనీరుగా నాకు ఒక బాధ ఉన్నది. తెగిన గొలుసు దగ్గర సాహసం చేసినవాళ్ల ఫొటో పేపర్లో పడుతుంది. తెగకుండా ముప్పై ఏళ్లు గొలుసును కనిపెట్టి ఉన్న లస్కరు ఫొటో ఏ పేపర్లోనూ పడదు. ఆ తరువాత నిపుణుల సంఘం గేట్లన్నీ మార్చవలసిందేనని సూచించింది.

గొలుసు గురించి విద్యార్థులకు ఒక సాంకేతిక విషయం. గొలుసులో లింకు పైభాగం అందరికీ కనబడుతుంది, రంగు వేస్తారు. కాని అరుగుదల, తుప్పు, సన్నని పగుళ్లు ఎక్కువగా పిన్ను లింకు రంధ్రంలో కూర్చునే చోట మొదలవుతాయి. అక్కడికి కన్నూ పోదు, రంగూ పోదు. అటువంటి చోట అల్ట్రాసోనిక్ పరీక్షో, పిన్ను బయటికి తీసి డై పెనెట్రెంట్ పరీక్షో చెయ్యాలి. కర్మాగారంలో క్రేను గొలుసులకూ, హుక్కులకూ ఇదే వర్తిస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షనులో, బరువులెత్తే యంత్రాలనూ గొలుసులనూ తాళ్లనూ పన్నెండు నెలలకొకసారైనా అర్హత గలవాడు క్షుణ్ణంగా పరీక్షించాలని వ్రాసిపెట్టారు. రంగు వేయించాలని వ్రాయలేదు.

ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిదా?

కాదు. ఈ మాట చెప్పకపోతే వ్యాసం ఒకవైపే ఒరిగిపోతుంది. 1978లో అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలన్, హీప్ అనే ఇద్దరు విమాన భాగాల మీద ఒక నివేదిక ప్రకటించారు. భాగాలకు వయసు మీరిన కొద్దీ చెడే అవకాశం పెరుగుతుందని అంతవరకు అందరూ నమ్మేవారు. వాళ్లు పరిశీలించిన వాటిలో అలా వయసుతో పాడయ్యేవి 11 శాతమే అని తేలింది. 68 శాతం భాగాలకు ప్రమాదం ఎక్కువగా ఉండేది కొత్తగా బిగించిన మొదటి రోజుల్లోనే! అంటే బాగున్నదాన్ని ఊరికే విప్పి మళ్లీ బిగిస్తే, మనమే కొత్త జబ్బు తెచ్చిపెట్టినట్లు అవుతుంది. ఒక రకంగా మా పెద్దాయన "ఎందుకు ఇప్పల్ల" అన్నదానిలో కొంత న్యాయం ఉన్నది. అయితే మిల్లును విమానంతో పూర్తిగా పోల్చకూడదు. దుమ్ములో అరిగే రబ్బరు రోలు, ఎక్స్‌పెల్లరు వర్ము, జిన్నింగు రోలరు తోలు, ఇవన్నీ వాడిన కొద్దీ అరిగే సరుకే. వీటికి గడువు పెట్టి మార్చడం సరైనదే. గేరు బాక్సు, మంచి బేరింగు, ఎలక్ట్రానిక్ కార్డు లాంటివి మాత్రం చూచి, విని, కొలిచి, అవసరమైతేనే తాకాలి.

ఎవరు చూడాలి, ఎవరు వినాలి అన్నది జపానువాళ్లు బాగా ఆలోచించారు. టయోటా కుటుంబానికి చెందిన నిప్పాన్‌డెన్సో కంపెనీకి 1971లో ఈ విషయంలో బహుమతి వచ్చింది. అక్కడ శుభ్రం చెయ్యడం, నూనె వెయ్యడం, బోల్టులు బిగించడం మెయింటెనెన్స్ విభాగానికి వదలకుండా మిషను నడిపేవాడికే నేర్పారు. టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్ అని సెయీచి నకజిమా దీన్ని ప్రపంచానికి చెప్పారు. శుభ్రం చెయ్యడమే తనిఖీ అన్నది దీని సారం. తుడిచే చేతికే పగులు తగులుతుంది. ఇది మనకు తెలియనిదేమీ కాదు. దసరాకు ఆయుధ పూజ చేస్తాం గదా! ఏడాదికొకసారి మిల్లులో ప్రతి యంత్రాన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, దండ వేసి, ఆ పూట ఆపి ఉంచే ఆచారం మనకున్నది. పైగా అది వడ్ల సీజనుకు సరిగ్గా ముందు వస్తుంది. ఆ ముందు రెండు రోజులు తనిఖీకి పెట్టుకోమని నేను నాలుగేళ్లుగా మిల్లులవాళ్లతో చెబుతున్నాను, కొందరు వింటున్నారు కూడా. ఒక్క మనవి: పైపుతో నీళ్లు కొట్టి కడగవద్దు, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. కుంకుమ నేమ్‌ప్లేటు మీద పెట్టవద్దు. మరుసటి ఏడు మోటారు నంబరు చదవడానికి మేము గోకవలసి వస్తున్నది!

నోటుబుక్కు, తాళంచెవి

ప్రివెంటివ్ మెయింటెనెన్స్‌కు కంప్యూటరు కావాలి, సాఫ్ట్‌వేరు కావాలి అని భయపడనక్కరలేదు. నేను మొదట ప్రతి మిల్లుకూ ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు ఇస్తాను. ఒక్కొక్క యంత్రానికి పది పేజీలు. మొదటి పేజీలో బేరింగు నంబర్లు, బెల్టు సైజులు, ఆయిల్ సీలు కొలతలు, మోటారు ఫుల్ లోడ్ ఆంపియర్లు. ఈ ఒక్క పేజీ ఉంటేనే సగం తిప్పలు తప్పుతాయి. రాత్రి పది గంటలకు బేరింగు పోతే, దాని నంబరు తెలియడానికి పాతది విప్పి తీసి, తుడిచి, లైటు కింద పెట్టి చదవవలసిన పని ఉండదు. తరువాతి పేజీల్లో తేదీ, ఏమి చేశాము, ఏమి మార్చాము, ఆంపియర్లు ఎంత. రోజూ వ్రాయమంటే ఎవరూ వ్రాయరు, వారానికొకసారి చాలు. ఆంపియర్లు వారం వారం కొద్దికొద్దిగా పెరుగుతుంటే లోపల ఏదో పట్టేస్తున్నదని అర్థం. ఒక్కరోజు అంకె ఏమీ చెప్పదు, పది వారాల అంకెలు పక్కపక్కన పెడితే చెబుతాయి.

పెద్ద కర్మాగారాల్లో ఈ పుస్తకాలు బ్రహ్మాండంగా ఉంటాయి. కొన్నిచోట్ల నెలాఖరున ఒకే పెన్నుతో, ఒకే చేతివ్రాతతో ముప్పై రోజులూ "ఓకే, ఓకే" అని నింపేస్తారు. అటువంటి పుస్తకం లేకపోవడమే మేలు. ఉన్నదన్న ధైర్యం మరింత ముప్పు.

తాళంచెవి సంగతి ప్రాణానికి సంబంధించినది. షాఫ్టు తిరుగుతుండగా నూనె వెయ్యడం మన మిల్లుల్లో మామూలు. పాత చట్టం 22వ సెక్షను, కదులుతున్న యంత్రం దగ్గర తనిఖీ గాని నూనె వెయ్యడం గాని తప్పనిసరి అయితే, శిక్షణ పొందినవాడే, ఒంటికి బిగుతైన దుస్తులు వేసుకొని చెయ్యాలని చెప్పింది. మనవాళ్లు మెడలో తువాలు, నడుముకు పంచె. బెల్టుకు తువాలు కొస చిక్కితే మనిషి వెనక్కు లాక్కొనే వ్యవధి ఉండదు. మోచేతి కింద ఖాళీ చొక్కా చెయ్యి వేలాడే మేస్త్రీలు మా ప్రాంతంలో నాకు ముగ్గురు తెలుసు. అందుకని మిల్లు విప్పేటపుడు మెయిన్ స్విచ్చి ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి విప్పేవాడి జేబులోనే ఉంచుకోవాలి. "నేను చూస్తాంటాలే అన్నా, నువ్వు చెయ్యి పెట్టు" అనే మాట నమ్మరాదు. చూస్తుండేవాడు టీకి పోతాడు, ఇంకొకడు వచ్చి స్విచ్చి వేస్తాడు.

ఇక యజమానిని ఒప్పించడం. ఇది ఇంజనీరింగు సిలబస్‌లో లేదు గాని అన్నిటికంటె కష్టమైన పాఠం. చెడిపోని యంత్రానికి ఖర్చు పెట్టమని అడుగుతున్నాం మరి. నేను శాతాలు చెప్పడం మానేశాను. మూడు ప్రశ్నలు అడుగుతాను. ఈ యంత్రం ఆగితే దానితో పాటు ఇంకేమి ఆగుతాయి? విడిభాగం రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఆగినపుడు దగ్గర ఉన్న మనిషికి దెబ్బ తగులుతుందా? మూడింటికీ జవాబు చిన్నదైతే ఆ యంత్రాన్ని చెడిపోయేదాకా నడపమని నేనే చెబుతాను. ఏ ఒక్క దానికి జవాబు పెద్దదైనా, దాని విడిభాగం ఆషాఢంలోనే కొని అరలో పెట్టిస్తాను. పెద్దాయన మిల్లులో ఎలివేటరు షాఫ్టుకు ఇటువంటి జవాబు వచ్చింది. ఇప్పుడు అక్కడ గోడకు రెండో షాఫ్టు, గ్రీజు పూసి, గోనెపట్టా చుట్టి, నేలను తగలకుండా నిలువుగా వేలాడదీసి ఉంటుంది. అడ్డంగా పడుకోబెడితే సన్నని షాఫ్టు తన బరువుకే కొంచెం వంగుతుంది.

వేసవి సెలవుల్లో మీ ఊరి మిల్లుకు పోయి, యజమాని అనుమతితో, ఒక్క యంత్రానికి మొదటి పేజీ వ్రాసి చూడండి. నేమ్‌ప్లేటు చదవండి, బెల్టు మీది నంబరు రాసుకోండి, బేరింగు గూళ్లు ఎన్నో లెక్కపెట్టండి. మేస్త్రిని "అన్నా, ఇది ఎప్పుడు మార్చినారు?" అని అడగండి. ఆయన చెప్పే తేదీ దసరా ముందా తరువాతా అన్నట్లు ఉంటుంది, దాన్ని అలాగే వ్రాసుకోండి.